వాచిన చెయ్యి ఎవరి చేతిలో పెట్టాలి? లింఫ్ మర్దనకు మనిషిని వెతుక్కునేవాళ్లకి

అమ్మకి రొమ్ము ఆపరేషన్ అయిన పద్నాలుగు నెలలకి కుడి చెయ్యి వాచడం మొదలైంది. మొదట గాజులు ఎక్కట్లేదని గాజుల కొట్టువాడి మీద విసుక్కుంది, సైజు తప్పు ఇచ్చాడని. తర్వాత జాకెట్టు చెయ్యి బిగుతైంది, ఈసారి తప్పు దర్జీది. మాకు సంగతి అర్థమయ్యేసరికి మోచేతి కింద వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండిపోయేది. డాక్టరు చూసి లింఫెడెమా అన్నారు, అంటే లింఫ్ అనే నీరు పోయే దారి లేక నిలిచి వచ్చే వాపు. "లింఫాటిక్ డ్రైనేజ్ తెలిసినవాళ్లతో మర్దన, కట్టు" అని చీటీ మీద ఒక్క లైను రాశారు. ఆ లైను పట్టుకుని మా ఊరు, ఒడిశాలోని బరంపురం అంతా తిరిగాను.

ఏడు చోట్ల అడిగాను. రెండు ఫిజియో క్లినిక్కులు, ఒక ఆయుర్వేదం సెంటరు, రెండు పార్లర్లు, ఇంటికొచ్చి మాలిష్ చేసే ఒకావిడ, మెషీను అద్దెకిచ్చే ఒక కుర్రాడు. ఆరుగురు "చేస్తాం, రేపే రండి" అన్నారు. ఒక్క ఫిజియో అమ్మాయి మాత్రం ఎదురు ప్రశ్నలు వేసింది. చెయ్యి ఎర్రగా ఉందా, జ్వరం ఏమైనా వచ్చిందా, కీమో అయిపోయిందా ఇంకా నడుస్తోందా అని అడిగి, ఆఖర్న "నేను దీనికి పూర్తి ట్రైనింగ్ చెయ్యలేదండీ, మొదటి మూడు వారాలు వైజాగో భువనేశ్వరో వెళ్లి చేయించుకురండి, ఆ తర్వాత నేను చూసుకుంటాను" అంది. ఆ క్షణాన నాకు చిరాకే వేసింది, ఊళ్లో పని అయిపోతుందనుకుంటే మళ్లీ రైలెక్కమంటుందేంటని. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే నేను చెప్పేది ఆ అమ్మాయి మాటే.

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు ఉండి "ఎవరి దగ్గరికి వెళ్లాలి" అని తేల్చుకోలేకపోతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, అమ్మతో ఏడాదిన్నరగా తిరుగుతున్న మనిషిని.

ముందు అది ఏ వాపో తేలాలి

ఇది దాటేసి నేరుగా మర్దనకి వెళ్లేవాళ్లే ఎక్కువ, అందుకే ముందు దీని గురించి. శోషరసం, అదే లింఫ్, సన్నటి నాళాల్లో మెల్లగా పైకి పాకి మెడ దగ్గర మళ్లీ రక్తంలో కలుస్తుంది. దారిలో చంకల్లో, గజ్జల్లో, మెడలో నోడ్లు ఉంటాయి, మనవాళ్లు బిళ్ళలు అంటారు. ఆపరేషన్లో చంకలో నోడ్లు తీసేసినా, రేడియేషన్ ఇచ్చినా, ఫైలేరియా పురుగులు నాళాల్ని పాడు చేసినా ఆ దారి మూసుకుపోయి నీరు నిలుస్తుంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి వాస్తుంది, చంకలో నోడ్లు ఎక్కువ తీస్తే ఇంకా అవకాశం. గంజాం, శ్రీకాకుళం తీరంలో బోదకాలు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

కానీ ప్రతి వాపూ ఇది కాదు. రెండు కాళ్లూ ఒకేసారి వాచి మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే గుండె, కిడ్నీ చూపించాలి. ఒక్క పిక్క మాత్రం హఠాత్తుగా వాచి నొప్పి పెడుతోందంటే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దాన్ని పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, డాప్లర్ (సిరల్లో రక్తం పారే తీరు చూసే స్కాన్) తీయించకుండా ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వొద్దు. వాచిన చోట ఎర్రగా వేడిగా ఉండి చలిజ్వరం వచ్చిందంటే అది ఇన్ఫెక్షన్, అప్పుడు కావల్సింది మందులు. అది తగ్గేదాకా మర్దన మాట ఎత్తకూడదు.

ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి

ఈ వాపుకి చేసే వైద్యాన్ని డాక్టర్లు సీడీటీ (కంప్లీట్ డీకంజెస్టివ్ థెరపీ) అంటారు, అందులో నాలుగు పనులుంటాయి: చర్మం శుభ్రంగా చూసుకోవడం, చేత్తో చేసే మర్దన, పొరలు పొరలుగా కట్టే కట్టు, కట్టు మీదే చేసే వ్యాయామం. మొదటి దశ రెండు నుంచి నాలుగు వారాలు, వారానికి ఐదు రోజులు. ఆ తర్వాత ఇంట్లో జీవితాంతం చేసుకునేది. ఈ నాలుగింట్లో వాపు ఎక్కువ దించేది కట్టు, మర్దన దానికి తోడు. మనం మాత్రం "మంచి మాలిష్ చేసేవాళ్లు ఎవరు" అనే అడుగుతాం. అడగాల్సింది "కట్టు బాగా కట్టేవాళ్లు ఎవరు" అని. ఇది అర్థమయ్యాక సగం పేర్లు నా లిస్టులోంచి వాటంతటవే పోయాయి.

మెడికల్ షాపులో దొరికే సాగే క్రేప్ బ్యాండేజీ ఈ పనికి రాదు. అది కదలకుండా కూర్చున్నప్పుడు నొక్కుతుంది, కండరం పని చేసేటప్పుడు సాగిపోతుంది. మనకి కావల్సింది సరిగ్గా దీనికి ఉల్టా. ఊరికే ఉన్నప్పుడు తేలిగ్గా ఉండి, చెయ్యి కదిలిస్తే గోడలా ఎదురు నిలిచే తక్కువ సాగుడు పట్టీలు ఉంటాయి, షార్ట్ స్ట్రెచ్ అని అడగాలి. కింద దూది పొర లేదా ఫోమ్, వేళ్లకి విడిగా సన్న పట్టీలు. "ఏ పట్టీ వాడతారు?" అన్న ఒక్క ప్రశ్నకి అవతలివాళ్లు "ఏదో మామూలు బ్యాండేజీ తెచ్చుకోండి" అంటే ఫోను పెట్టేయండి.

ట్రైనింగ్ సంగతి. ఉత్తర అమెరికాలో లింఫెడెమా థెరపిస్టుల పరీక్ష రాయాలంటే 135 గంటల సీడీటీ శిక్షణ కావాలి, అందులో మూడో వంతు పాఠం, మిగతాది చేతులతో చేసి నేర్చుకునేది. మన దేశంలో కూడా పద్ధతిగా నేర్చుకున్నవాళ్లు ఇదే కొలత చెబుతారు. నలభై గంటల బేసిక్ కోర్సు అంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి మీద మర్దన నేర్చుకున్నారని, అంతే. రెండు రోజుల వర్క్‌షాపు, ఆన్‌లైన్ సర్టిఫికెట్ అంటే మీ అమ్మ చెయ్యే వాళ్లకి మొదటి ప్రాక్టికల్ అవుతుంది. వొడ్డర్, ఫోల్డీ, లెడుక్, కాస్లీ-స్మిత్ అని నాలుగైదు పద్ధతులున్నాయి, ఏ పద్ధతి అన్నది పెద్ద తేడా కాదు. ఎన్ని గంటలు, ఎదురుగా ఎవరు నేర్పారు, అయ్యాక ఎంతమంది వాపు పేషెంట్లని చూశారు, ఇవి అడగండి. గోడ మీది సర్టిఫికెట్ దగ్గరికెళ్లి చదివితే ఎవరూ ఏమీ అనుకోరు, నేను చదివాను.

ఇక్కడ ఒక ముచ్చట. ఈ మర్దన కనిపెట్టింది ఎమిల్ వొడ్డర్, ఎస్ట్రిడ్ వొడ్డర్ అనే డెన్మార్క్ దంపతులు, 1930ల్లో ఫ్రాన్సులో ఉన్నప్పుడు. 1936లో పారిస్‌లో లోకానికి చూపించింది ఒక ఆరోగ్య, సౌందర్య ప్రదర్శనలో. తర్వాత జర్మనీలో ఫోల్డీలు దానికి కట్టు, వ్యాయామం కలిపి వైద్యంగా మార్చారు. పుట్టినప్పుడే ఒక కాలు ఆస్పత్రిలో, ఒక కాలు పార్లర్లో అన్నమాట. మా ఊరి అస్కా రోడ్డులో పార్లర్ బోర్డు మీదా క్యాన్సర్ డాక్టరు చీటీ మీదా ఒకే పేరు కనిపించడం అందుకే, రెండు చోట్లా జరిగే పని ఒకటి కాదు.

కొలతలు. సరైన మనిషి మొదటి రోజు మర్దన కంటే ముందు టేపు తీస్తారు. మణికట్టు నుంచి పైకి ప్రతి నాలుగు సెంటీమీటర్లకీ గుర్తు పెట్టి రెండు చేతులూ కొలిచి రాసుకుంటారు, రెండు వైపులా తేడా 2 సెంటీమీటర్లు దాటితే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. కాలైతే రెండో వేలు మొదట్లో చర్మాన్ని చిటికెతో పట్టి లేపి చూస్తారు, చిటికెలోకి రాకపోతే లింఫెడెమా అని అనుమానం గట్టిపడుతుంది. ఆ చిటికె పట్టారంటే విషయం తెలిసిన మనిషే.

చెయ్యి పడే తీరు కూడా చూడండి. మర్దన మెడ దగ్గర మొదలవుతుంది, తర్వాత బాగున్న వైపు చంక, పొట్ట, ఆ తర్వాతే వాచిన చెయ్యి, అదీ భుజం వైపు నుంచి కిందికి ఒక్కో ముక్కా ఖాళీ చేసుకుంటూ. ముందు కాలవ చివర అడ్డు తీస్తేనే కదా మడిలో నీరు పోయేది. ఒత్తిడి చాలా తక్కువ, చర్మాన్ని జరిపినంతే, కండరం దాకా పోదు. నూనె రాయరు, రాస్తే చర్మం పట్టు దొరకదు. అమ్మ మొదటి రోజు బయటికొచ్చి "ఆ పిల్ల ఏం చేసిందే, నిమిరింది అంతే, దీనికి డబ్బులా" అంది. నిమిరినట్టుంటేనే సరిగ్గా చేసినట్టు. ఎర్రబడితే, నొప్పి పుడితే తప్పుగా చేసినట్టు.

అన్నిటికంటే నాకు పనికొచ్చిన ప్రశ్న ఇది: "మీరు ఎవరికి చెయ్యరు?" తెలిసినవాళ్లు టకటకా చెబుతారు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, రక్తం గడ్డ ఉన్నప్పుడు, గుండె అదుపులో లేనప్పుడు, కిడ్నీలు పని చెయ్యనప్పుడు చెయ్యం, క్యాన్సర్ ఇంకా ఉంటే డాక్టరు రాసిస్తేనే చేస్తాం అని. తెలియనివాళ్లు "అందరికీ మంచిదేనండీ" అంటారు.

ఎవరెవరు ఉన్నారు, ఎవరి దగ్గర ఏముంది

| ఎవరు | ట్రైనింగ్ | కట్టు, కొలతలు | ఇబ్బంది | ఎవరికి |
|---|---|---|---|---|
| పెద్ద ఊరి క్యాన్సర్ ఆస్పత్రి ఫిజియో | ఎక్కువగా పూర్తిది, అయినా అడగాలి | రెండూ ఉంటాయి | ప్రయాణం, బస, వెయిటింగ్ | కొత్త వాపు, గట్టిపడ్డ వాపు |
| ఊళ్లో ఫిజియో క్లినిక్ | మనిషిని బట్టి | కొందరి దగ్గరే | మొదటి దశకి చాలకపోవచ్చు | తర్వాతి దశ, నెలవారీ చూపు |
| సర్కారు ఆస్పత్రి ఫైలేరియా సేవలు | కాలు శుభ్రం, వ్యాయామం నేర్పడం | కట్టు అన్నిచోట్లా ఉండదు | మర్దన ఆశించొద్దు | బోదకాలు, ముందు ఇక్కడికే |
| ఆయుర్వేదం, నూనె మర్దన | వేరే విద్య | ఉండవు | వేడి, ఒత్తిడి | లింఫెడెమాకి వద్దు |
| పార్లర్, స్పా | కొన్ని గంటలు | ఉండవు | జబ్బు గుర్తుపట్టలేరు | ఏ జబ్బూ లేనివాళ్లు |
| పంపు మెషీను | మెషీనుకి ఏముంటుంది | ఉండవు | ఒక్కదానితో పని కాదు | థెరపిస్టు చెబితే తోడుగా |

పెద్ద ఊరి ఆస్పత్రులంటే మనకి అందుబాటులో ఉన్నవి: విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్ ఎయిమ్స్, ఇంకా ప్రైవేటువి. ఆస్పత్రి పెద్దదైనంత మాత్రాన ఈ పని తెలిసినవాళ్లు ఆ నెలలో అక్కడ ఉంటారని లేదు. ముందే ఫోన్ చేసి ఫిజియో విభాగానికి కలపమని, "లింఫెడెమాకి కట్టు కట్టేవాళ్లు ఉన్నారా, వరసగా మూడు వారాలు టైమిస్తారా" అని అడిగాకే టికెట్ తీయండి. మేము అడక్కుండా వెళ్లి ఒకసారి ఖాళీగా తిరిగొచ్చాం.

ఊళ్లో ఫిజియోలని తక్కువ చెయ్యొద్దు. డిగ్రీ చదివినవాళ్లు, శరీరం తెలిసినవాళ్లు. కాకపోతే ఆ చదువులో మోకాళ్లు, నడుము, పక్షవాతం మీద ఉన్నంత సమయం లింఫ్ మీద ఉండదు, దీనికి విడిగా నేర్చుకోవాలి. నేర్చుకోకపోయినా "నాకు రాదు, కానీ మీరు నేర్చుకొచ్చింది చూపిస్తే కొనసాగిస్తా" అనే మనిషి దొరికితే వదలకండి. నెలకోసారి కొలిచి, కట్టు వదులైందో బిగిసిందో చూసి, చర్మం మీద పగుళ్లు పట్టించుకునే మనిషి పక్క వీధిలో ఉండటం చిన్న విషయం కాదు.

ఇంటికొచ్చి మాలిష్ చేసే ఆవిడ దగ్గర మాకు దెబ్బ తగిలింది. తప్పు ఆవిడది ఎంతో మాదీ అంతే, జబ్బు పేరు కూడా సరిగ్గా చెప్పలేదు మేము. ఆవాల నూనె వెచ్చచేసి గట్టిగా పామి, మీద ఇసుక మూటతో కాపడం పెట్టింది. బాలింతలకి, నడుం నొప్పికి ఆవిడ చెయ్యి బంగారమే. కానీ వేడి తగిలితే రక్తం ఆ వైపుకి ఎక్కువ వస్తుంది, నీరు ఇంకా ఊరుతుంది, పోవడానికి దారి లేదు. మర్నాటికి చెయ్యి అంగుళం పెరిగింది, రెండో రోజు ఎర్రబడి వణుకుతో జ్వరం. పది రోజులు యాంటీబయాటిక్స్. ఆయుర్వేదం సెంటర్లో అభ్యంగం, ఆవిరి కూడా ఈ వాపుకి ఇలాంటివే. ఆయుర్వేదం మీద నాకు కోపం లేదు, కేరళ కాసరగోడ్‌లో ఒక సంస్థ బోదకాలుకి ఆయుర్వేద పద్ధతుల్నీ కట్టునీ కలిపి ఏళ్ల తరబడి వైద్యం చేస్తోంది, కానీ అక్కడ చర్మ వైద్యులు ఉండి, కొలిచి, కట్టు కట్టి చేస్తారు. మన ఊరి మూలమీది "కేరళ మసాజ్" బోర్డుకీ దానికీ సంబంధం లేదు.

పార్లర్ల గురించి చెప్పాల్సింది తక్కువ. మొహం ఉబ్బు తగ్గాలని, హాయిగా ఉంటుందని ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వెళ్తే నష్టమేమీ లేదు. "లోపలి విషాలు పోతాయి, పొట్ట కరుగుతుంది" అంటే మాత్రం నవ్వి ఊరుకోండి, కొవ్వు అలా పోదు. కాస్మెటిక్ ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాళ్లు మాత్రం జాగ్రత్త. కుట్ల దగ్గర నుంచి నీరు పిండి బయటికి తీయడాన్ని కొన్నిచోట్ల ఇదే పేరుతో చేస్తున్నారు. అది డ్రైనేజ్ కాదు, ఇన్ఫెక్షన్‌కి తలుపు తీయడం. సర్జన్ని అడక్కుండా ఎవరి దగ్గరా పడుకోవద్దు.

పంపు మెషీను అంటే గాలి నిండే తొడుగు, కాలినో చేతినో కింద నుంచి పైకి ఒత్తుకుంటూ పోతుంది. చూడ్డానికి బాగుంటుంది, మనిషి అక్కర్లేదు, అద్దెకి దొరుకుతుంది. చిక్కు ఎక్కడంటే, పైన దారి ఖాళీ చెయ్యకుండా నీటిని నెడితే అది తొడ మొదట్లో, మర్మాంగాల దగ్గర చేరి అక్కడ వాపు మొదలవ్వొచ్చు, చెయ్యైతే భుజం వెనక. అందుకే థెరపిస్టు చెప్పిన సెట్టింగుతో, ముందు చేత్తో మర్దన చేసుకున్నాకే వాడాలి. మెషీను తీసేశాక కట్టో, వాపుని అదిమి ఉంచే బిగువు తొడుగో వెయ్యకపోతే సాయంత్రానికి మళ్లీ మామూలే.

మీ పరిస్థితిని బట్టి

పొద్దున్న తగ్గి సాయంత్రానికి పెరిగే మెత్తటి వాపు, మొదలై నెలలే అయిందంటే, ఎంత కష్టమైనా ఆ రెండు మూడు వారాలు పెద్ద ఊరికి పెట్టుకోండి. ఈ దశలో తగ్గినంత తర్వాత తగ్గదు. "పండగ వెళ్లాక చూద్దాం" అన్నామా, మా ఇంట్లో ఠాకురాణి యాత్ర వెళ్లాక చూద్దాం అని రెండు నెలలు పోయాయి, ఆ రెండు నెలల్లో మోచేతి కింద కొంచెం గట్టిపడింది. నొక్కితే గుంట పడని గట్టి వాపు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకి కూడా పెద్ద ఊరే, ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది, అంతే.

వెళ్లలేనివాళ్లుంటారు. మగ్గం ఆపలేరు, కొట్టు మూసెయ్యలేరు, పిల్లల పరీక్షలు. అలాంటప్పుడు పూర్తి కోర్సు కాకుండా నాలుగైదు రోజులకి వెళ్లి, "మాకు చెయ్యడం కాదు, నేర్పండి" అని అడగండి. పేషెంటుతో పాటు ఇంట్లో ఒకరు వెళ్లాలి, కట్టు ఒంటిచేత్తో కట్టుకోవడం కష్టం. వాళ్ల ముందే మీరు రెండుసార్లు కట్టి చూపించి, ఫోన్లో వీడియో తీసుకుని రండి. ఊళ్లో ఫిజియోకి ఆ వీడియో చూపించి వారానికోసారి కొలతలు పెట్టించుకోండి. పూర్తి కోర్సు అంత ఫలితం రాదు, కానీ ఊళ్లో నూనె మర్దన కంటే వంద రెట్లు నయం. ఇలా నేర్పడానికి ఒప్పుకోని థెరపిస్టు ఎంత పేరున్నా మనలాంటి దూరపువాళ్లకి పనికిరారు, ఈ జబ్బు మొత్తం ఇంట్లోనే కదా చూసుకోవాల్సింది.

బోదకాలు ఉన్నవాళ్ల లెక్క వేరు. వీళ్లకి మర్దన మనిషిని వెతకడం కంటే ముందు పని రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, పాసిపోతే ఫంగస్ మందు రాసి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టడం. గజ్జలో బిళ్ళ కట్టి చలిజ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు ఒక మెట్టు పెరుగుతుంది, ఆ జ్వరాలు రాకుండా ఆపేది ఈ కడుగుడే. మా పెద్దమ్మకి పదిహేనేళ్లుగా ఎడమ కాలు. ఏటా మూడు నాలుగుసార్లు జ్వరం వచ్చే మనిషికి, కడగడం మొదలుపెట్టాక కిందటేడు ఒక్కసారే వచ్చింది. ఫైలేరియా కార్యక్రమం కింద సర్కారు ఆస్పత్రుల్లో ఇది ఊరికే నేర్పుతారు, టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు ఉన్న కిట్ కూడా ఇస్తారు, అడగండి. చర్మం బాగుపడ్డాక కట్టు, మర్దన గురించి ఆలోచించొచ్చు. పుండ్లు ఉండగా మాత్రం ఎవరో చెప్పారని బిగించి కట్టొద్దు.

సరిహద్దు తిప్పలు

భాష. ఇది చిన్న విషయమని నేనూ అనుకున్నాను. భువనేశ్వర్లో థెరపిస్టు ఒడియాలో, హిందీలో చక్కగా చెప్పేది, నాకు అర్థమయ్యేది, అమ్మకి కాదు. అమ్మ పుట్టిల్లు టెక్కలి వైపు, ముప్పై ఏళ్లయినా ఒడియా బజారు బేరం వరకే. ఇంట్లో తనంతట తాను చేసుకోవాల్సిన మర్దన, ఊపిరి పీల్చే లెక్క, ఇవన్నీ నా ద్వారా విని సగం వదిలేసింది. తర్వాత వైజాగ్‌లో తెలుగులో చెప్పించుకుంటే వారంలో పట్టుబడింది. బరంపురం నుంచి భువనేశ్వర్ 170 కిలోమీటర్లు, వైజాగ్ 280 దాకా, అయినా తెలుగు తప్ప రాని పెద్దవాళ్లయితే దూరమైనా వైజాగే మేలు అంటాను. ఇంటర్‌సిటీలో పోయి రావచ్చు. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకి, రాయగడ, జయపురం వాళ్లకి ఎలాగూ అటే అలవాటు. ఒడియా మీడియంలో చదువుకుని అదే సుఖంగా ఉన్నవాళ్లకి భువనేశ్వర్ అయితే తిప్పలు తక్కువ.

కార్డుల విషయం. ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) ఆంధ్రావాళ్లకే, మన ఒడిశా రేషన్ కార్డుతో రాదు. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా చెల్లుతుంది, కానీ అది ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి, రోజూ వచ్చి పోయే ఫిజియోకి కాదు. కాబట్టి ఈ ఖర్చు జేబులోదే అనుకుని లెక్క వేసుకోండి. లెక్కలో ఒక్కో రోజు ఫీజు ఒక్కటే చూడకండి, పట్టీల సెట్టు, మూడు వారాల గది, ఇద్దరి తిండి, మీరు మానుకున్న పని, చివర్న కొనాల్సిన తొడుగు, అన్నీ కలపండి. రోజు ఫీజు తక్కువని రెండు నెలలు తిప్పే చోటు కంటే, ఎక్కువ తీసుకుని పదిహేను రోజుల్లో దించి నేర్పి పంపే చోటే మాకు చవక పడింది.

ఆడవాళ్లకి ఆడ థెరపిస్టు దొరుకుతుందా, తలుపున్న గది ఉందా, ముందే అడగండి. చెయ్యి వాపుకి కూడా ఛాతీ, వీపు మీద మర్దన ఉంటుంది. అమ్మ తెర ఒక్కటే అడ్డమున్న హాల్లో జాకెట్టు విప్పనని కూర్చుంది, అందులో తప్పేముంది. మగ థెరపిస్టులు బాగా చేసేవాళ్లున్నారు, కానీ మొహమాటంతో రెండో రోజే మానేసే వైద్యం ఎంత మంచిదైనా ఏం లాభం.

సరైన చోటే ఉన్నామా అని తెలుసుకోవడం

మొదటి వారం చివర్న కొలతల కాగితం చూపించమనండి. మెత్తటి వాపైతే ఈపాటికి టేపు కదలాలి. పది రోజులైనా అంకె అలాగే ఉండి, "ఇంకో పది సిట్టింగులు కట్టండి" అంటే డాక్టరు దగ్గరికి వెనక్కి వెళ్లండి, వాపుకి వేరే కారణం ఉండొచ్చు. కట్టు కట్టాక వేళ్లు నీలంగా, తిమ్మిరిగా అయితే తెల్లారేదాకా ఆగకుండా విప్పెయ్యండి, మర్నాడు వెళ్లి చెప్పండి, మంచి థెరపిస్టు దానికి కోప్పడరు. ఆ చేతికి బీపీ పట్టీ, సూదులు వీలైనంత వద్దని, బిగుతైన తాయెత్తులు, గాజులు తీసెయ్యమని చెప్పారా లేదా? మాకు మొదటి రోజే చెప్పారు. తాయెత్తు విషయంలో అమ్మ ఒప్పుకోలేదు, ఎడమ చేతికి మార్చుకుంది.

తొడుగు కొలత తీయించుకోవడానికి తొందరపడకండి. వాచిన చేతికి కొలిచి కొంటే వాపు దిగాక వదులై డబ్బు దండగ. మొదటి దశ చివరి రోజుల్లో, టేపు రెండు మూడు రోజులు ఒకేచోట ఆగినప్పుడు, పొద్దున్నే కొలిపించాలి. తొడుగు చేతికొచ్చేదాకా కట్టు మానకూడదు. ఆరు నెలలకోసారి మార్చాలి, బిగువు పోయిన తొడుగు వేసుకున్నా ఒకటే, మానినా ఒకటే. కొనేటప్పుడే రెండు కొనండి. అమ్మ ఒకటి ఉతికితే రెండోది వేసుకుంటుంది, ఆరేసేది మాత్రం వంటింటి వెనక నీడలో, ఎండలో వేస్తే సాగు పోతుందని వైజాగ్ అమ్మాయి తెలుగులో చెప్పింది కాబట్టి గుర్తుంది.